ఎడం చేతికి జెల్లు, కుడి చేతికి నూనె

పోయినేడు మే నెలలో మా ఇంట్లో ఆవకాయ గ్లవ్సు వేసుకుని కలిపారు. కలిపింది మా ఆడపడుచు. నీలం రంగు గ్లవ్సు, బెజవాడలో మందుల షాపులో కొని పెట్టెతో సహా తెచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఆవకాయ కలుపుతున్న నేను వరండాలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. కూర్చోబెట్టారు అనాలి.

"నీ మంచికే వదినా. పగుళ్లలోకి కారం పోతే తట్టుకోలేవు," అంది.

నా మంచికే అయితే గ్లవ్సు నాకివ్వాలి. తను తొడుక్కుంది. ఆ మాట అక్కడే అన్నాను. మనసులో దాచుకునే రకాన్ని కాదు నేను, మా వీధి మొత్తానికి తెలుసు.

"పగుళ్లు నా చేతికుంటే గ్లవ్సు నువ్వు తొడుక్కోవడం ఏంటమ్మా?"

"అబ్బా, నీతో వాదించలేం వదినా," అని నవ్వేసి గంగాళంలో చేతులు పెట్టేసింది. నాతో వాదించలేమని ఒప్పేసుకుని, ఆ వెంటనే అనుకున్నది చేసుకుపోవడం మా ఇంటివాళ్లందరికీ అలవాటు. మా అత్తయ్య వెల్లుల్లి రేకలు ఒలుస్తూ, "పోనీలేమ్మా, ఒక్క ఏడాదే కదా," అంది. మూడో రోజు జాడీలు విప్పి తిరగకలిపింది కూడా ఆవిడే. ఆవకాయ మొదటి రోజు కలిపితే సరిపోదు. మూడో రోజుకి ముక్కలు ఊరి, ఉప్పు కరిగి, నూనె పైకి తేలుతుంది. అప్పుడు మళ్లీ గంగాళంలో పోసి చెయ్యి పెట్టి అడుగుదాకా తిప్పి, ఉప్పు చూసి, నూనె పోసి, అప్పుడు జాడీ మూతికి గుడ్డతో కట్టాలి వాసెన. ఆ పని కూడా నాకు ఇవ్వలేదు.

ఆ ఆవకాయ బూజు పట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. పట్టలేదు. బాగుంది. ఆ బాగున్న ఆవకాయ ఏడాది పొడుగునా తింటూ ఒళ్లు మండిపోయింది నాకు.

నా చేతులకి ఉన్నది సోరియాసిస్. మొదట మోచేతుల దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రమచ్చలు వచ్చాయి. పైన తెల్లటి పొట్టు, చేప పొలుసులాగా. తర్వాత అరచేతుల అంచులు, వేళ్ల కణుపులు. చర్మం మామూలుగా నెల రోజులు తీసుకునే పనిని నా చర్మం వారంలో ముగించేసి, పాతది రాలకముందే కొత్తది తోసుకొచ్చేస్తుంది. పనిలో ఇంత తొందర మా బడిలో ఎవరికైనా ఉంటే బాగుండును అనుకునేదాన్ని. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. నల్లబల్ల మీద రాస్తుంటే సుద్దపొడీ నా చేతి పొట్టూ కలిసి రాలేవి. పిల్లలకి తేడా తెలియదు. టీచర్లకి తెలిసేది.

ఇది అంటుకునే జబ్బు కాదు. ఈ వాక్యం నేను ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. విన్నవాళ్లందరూ తలూపారు, తలూపుతూనే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మా చర్చిలో ఆరాధన అయ్యాక ఆడవాళ్లు ఒకరి చేతులొకరు పట్టుకుని "వందనాలమ్మా" అని చెప్పుకుంటారు. నాకు మాత్రం కొన్నాళ్లుగా నాలుగడుగుల అవతలినుంచి రెండు చేతులూ జోడించిన వందనం. గౌరవం పెరిగిందనుకోవాలి కాబోలు.

జబ్బు నాది, వైద్యం ఊరందరిదీ. వేపాకు స్నానం ఒకరు చెప్పారు. పసుపూ గంధమూ ఒకరు చెప్పారు. ముసునూరులో ఒకాయన పసరు వేస్తాడంటే మా ఆయన బండి మీద తీసుకెళ్లాడు. ఆ పసరు వేసిన చోట ఉన్న మచ్చతో పాటు లేని మచ్చ కూడా లేచింది. ఆయన పథ్యం చెప్పాడు: వంకాయ వద్దు, గోంగూర వద్దు, ఎండుచేప వద్దు, ఆవకాయ అసలే వద్దు. "ఇవన్నీ మానేస్తే జబ్బు పోతుందాండీ?" అంటే, "ముందు మానెయ్యమ్మా, తర్వాత చూద్దాం," అన్నాడు. ఇంగ్లీషు మందుల సంగతీ అంతే. రాసినన్నాళ్లు చేతులు పెళ్లికూతురి చేతుల్లాగా ఉండేవి, మానేసిన పది రోజులకి మళ్లీ మొదలు.

మొన్న మార్చి నెలలో బెజవాడలో కొత్త చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. కుర్రాడే, ఓపిక ఉన్నవాడు. నానో జెల్ అని రాశాడు.

"మందు పాతదేనండీ. మోసుకెళ్లే బండి కొత్తది," అన్నాడు. కాగితం మీద ఇటుకల గోడ బొమ్మ గీశాడు. "మీ చర్మం మీద పొలుసు మందంగా పేరుకుంటుంది. మామూలు ఆయింట్‌మెంట్ పైనే ఆగిపోతుంది. ఇందులో మందుని కొవ్వుతో చేసిన చిన్న చిన్న బుడగల్లో పెడతారు. అవి ఈ సందుల్లోంచి లోపలికి దిగుతాయి."

"ఎంత చిన్నవండీ?"

"మీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు అనుకోండి, సుమారుగా."

"అంత చిన్నది లోపలికి దిగగలిగితే, అక్కర్లేని చోటికి కూడా దిగగలదు కదండీ?"

ఆయన పెన్ను ఆపి నా వంక చూశాడు. "మీరు టీచరాండీ?"

"అవును. ఎలా తెలిసింది?"

"తెలుస్తుందండీ," అన్నాడు. "అందుకే మచ్చ మీదే రాయమంటున్నాను, పల్చగా. మధ్యలో రక్తపరీక్ష ఒకటి చేయిద్దాం."

"పోతుందా ఇది?"

"తగ్గుతుందండీ."

"నేను తగ్గడం గురించి అడగలేదు."

"తగ్గుతుంది మేడం. మళ్లీ రావచ్చు. వస్తే మళ్లీ తగ్గిద్దాం."

"మే నెలకి తగ్గుతుందా?"

"మే నెలలో ఏముంది?"

"ఆవకాయ."

ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. కృష్ణా జిల్లా పిల్లాడే అయ్యుంటాడు. "చెయ్యి పెట్టి కలుపుతారా?" అని అడిగాడు.

"గరిటెతో కలిపేవాళ్లింట్లో నేను భోజనం చెయ్యనండీ."

"పగుళ్లు మూసుకుంటే పెట్టొచ్చు. మూసుకోకపోతే మీరే పెట్టరు," అన్నాడు.

ఇంటికొచ్చి ట్యూబు బల్ల మీద పెట్టి, డాక్టరు చెప్పిందంతా అత్తయ్యకి చెప్పాను. ఆవిడకి డెబ్బై దాటాయి. బైబిలు చదువుకునేంత చదువు, ఎవరినైనా నోరు మూయించేంత తెలివి. అంతా విని, "బుడగలా? సబ్బు బుడగలా?" అంది.

"కొవ్వు బుడగలు అత్తయ్యా."

"కొవ్వంటే నూనే కదా. నూనెలో మందు పెట్టి రాయడం మా అమ్మ కూడా చేసింది. దానికి బెజవాడ దాకా పోవాలా?"

ఆవిడ అప్పటికే తన మందు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. కొయ్యబొమ్మలు చేస్తారే, ఆ అంకుడు చెట్టు ఆకు. మైలవరం అవతల కొండ అంచుల్లో దొరుకుతుంది. ఆవిడ తమ్ముడు బస్తాడు కోసుకొచ్చాడు. ఆ ఆకుని కత్తితో తరగకూడదట, చేత్తో తుంచాలట. తుంచి, కొబ్బరినూనెలో వేసి, గాజు సీసాలో పోసి ఎండలో పెట్టాలి.

"కత్తితో ఎందుకు తరగకూడదు?"

"ఆకుకి ఇనుము తగలకూడదు."

"అదే, ఎందుకు తగలకూడదు అత్తయ్యా?"

"నీ డాక్టరు ఆ బుడగని నీకు చూపించాడా? చూపించలేదు. అయినా నమ్మావా లేదా? ఇదీ అలాగే నమ్ము."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేకపోలేదు. మైక్రోస్కోపుల గురించి చాలాసేపు చెప్పాను. ఆవిడ వినకుండా సీసాని నీడలోంచి ఎండలోకి జరుపుకుంటూ ఉంది. నాలుగో రోజు చూద్దును కదా, పచ్చటి ఆకులు వేసిన నూనె నేరేడు పండు రంగుకి తిరిగింది. కెమిస్ట్రీ చదివినదాన్ని కదా, ఎంత కోపంలో ఉన్నా ఆగలేకపోయాను. సీసా ఎత్తి వెలుగుకి పట్టి చూశాను. నీలిమందు ఆకులో రంగు దాగి ఉన్నట్టు ఇందులోనూ ఏదో ఉండి ఉండాలి. "చూశావా?" అంది అత్తయ్య. "రంగు మారితే మందయిపోదు," అన్నాను. కానీ చాలాసేపు చూశాను, అది నిజం.

ఎవరి మందు రాయాలన్న దాని మీద నాలుగు రోజులు ఇంట్లో రచ్చ జరిగింది. చివరికి పరీక్ష పెట్టింది నేనే. ఎడం చేతికి జెల్లు, కుడి చేతికి నూనె. ఆరు వారాలు. ఒక దానికి రాసేది రెండో దానికి రాయకూడదు. ఏ చెయ్యి ముందు బాగుపడితే ఆ మందు గెలిచినట్టు. బడిలో పిల్లలకి నేను చెప్పేదే ఇది: రెండు కుండీలు, రెంటికీ ఒకే మట్టి, ఒకే ఎండ, ఒక్కటే తేడా ఉండాలి. నాకు జెల్లు కుడి చేతికి కావాలని ఉంది, కలిపేది ఆ చెయ్యే కాబట్టి. అత్తయ్య ఒప్పుకోలేదు. "ఆవకాయలో దిగే చెయ్యి నాకివ్వు. దాని బాధ్యత నాది," అంది. సరేనన్నాను. ఎడం చెయ్యి ముందు నున్నబడితే ఆవిడే నోరు మూసుకుని కుడి చేతిని నాకప్పజెబుతుందని నా లెక్క.

మా ఆయనకి ఆరెకరాల మామిడితోట. బంగినపల్లీ, చిన్నరసం. ప్రతి ఏడూ పూత మీద తేనెమంచు పురుగు పడగానే రెండు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టిస్తాడు. మా చుట్టుపక్కల తోటలవాళ్లంతా అంతే. పురుగు చచ్చాక, "ఏ మందుకి చచ్చింది?" అని నేనడుగుతాను. "చచ్చింది కదా," అంటాడాయన. ఈ ఒక్క మాట మీద మా ఇద్దరికీ ఎన్నేళ్లుగానో తగువు. అందుకని నా పరీక్ష గురించి చెప్పినప్పుడు, "నీకిప్పుడు తీరికైంది కదా, కానీ," అని, తలగుడ్డ దులుపుకుని తోటకి పోయాడు.

క్యాలెండరు వెనక గీతలు గీసి, వారానికోసారి రెండు చేతుల సంగతీ రాసేదాన్ని. పొట్టు, ఎరుపు, పగులు, దురద. పొద్దున్నే బడికి వెళ్లేముందు అత్తయ్య వరండాలో కూర్చుని నా కుడి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని నూనె రాసేది. నాకు చేతకాదన్నట్టు తనే రాసేది. ఆ చెయ్యి ఒక్కటే కాదు, చీర కుచ్చిళ్లు, తువ్వాలు, కుర్చీ చేతులు, అన్నీ నేరేడు రంగు. సాయంత్రం బడినుంచి వచ్చి స్నానం చేశాక ఎడం చేతికి జెల్లు నేనే రాసుకునేదాన్ని. వేలి చివర శనగగింజంత తీసి, మచ్చ మీద మాత్రమే, డాక్టరు చెప్పినట్టు పల్చగా.

మూడో వారానికి ఎడం చేతి మీద పొట్టు రాలడం తగ్గింది. నేను గర్వంగా అత్తయ్యకి చూపించాను. ఆవిడ కుడి చెయ్యి తిప్పి చూపించింది. అదీ తగ్గింది. నాలుగో వారానికి ఎడం అరచేతి అంచున పగులు మూసుకుంది. కుడి చేతిదీ మూసుకుంది. ఒక రోజు తేడా కూడా లేదు. క్యాలెండరు మీద రెండు గళ్లలోనూ అవే మాటలు రాస్తూ నాకు చిరాకెత్తిపోయింది. చేతులు బాగుపడుతుంటే చిరాకు పడే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని మా ఆయన అన్నాడు.

అయిదో వారం ఒక ఆదివారం, చర్చినుంచి వచ్చాక, సాయంత్రం దాకా ఆగకుండా వరండాలో కూర్చుని జెల్లు రాసుకుంటున్నాను. అత్తయ్య చింతపండులో గింజలు తీస్తోంది. ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"అమ్మాయ్, ఆ ఎడం చేతికి ఏ చేత్తో రాస్తున్నావు?"

"కుడి చేత్తో. ఎడం చేతికి ఎడం చేత్తో ఎలా రాస్తారు?"

"మరి ఆ కుడి చేతికి నీ బుడగలు అంటుకోవడం లేదా?"

నేను కుడి చూపుడువేలు తిప్పి చూసుకున్నాను.

"వేలు కడుగుతున్నావా రాశాక?"

కడగడం లేదు. కడగకపోవడం ఒక్కటే కాదు. వేలి చివర మిగిలిన కాస్తనీ పారెయ్యడం ఎందుకని రెండు చేతులూ కలిపి రుద్దేసుకుంటున్నాను. మా ఇళ్లల్లో పుట్టిన ఏ ఆడదైనా చేసే పనే. తలకి నూనె రాసి, మిగిలింది మోచేతులకి, పాదాలకి పులుముకోకుండా లేచినవాళ్లు ఎవరున్నారు? గోడకి రాస్తామా, కొంగుకి తుడుస్తామా? ముప్ఫయ్యయిదు రోజులు, రోజూ, నా చేతులతో నేనే నా పరీక్షని తగలేశాను. అది కనిపెట్టింది బీఎస్సీ కాదు, చింతపండు ఒలిచే ముసలావిడ.

"అయితే కుడి చెయ్యి నా మందుకి తగ్గిందా, నీ మందుకి తగ్గిందా?" అంది అత్తయ్య. ఆవిడ ఎగతాళిగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని. నిజంగా తెలుసుకుందామని అడిగింది.

"తెలీదు," అన్నాను. "ఇంక తెలీదు కూడా."

మధ్యాహ్నం అన్నాలప్పుడు మా ఆయనకి సంగతి చెప్పింది ఆవిడే. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "అంటే నువ్వు కూడా కలిపి కొట్టావన్నమాట," అన్నాడు. అంత సంతోషం ఆయన మొహంలో తోట కాపు బాగా దిగిన ఏడు కూడా నేను చూడలేదు. చారు గిన్నె ఆయన ముందునుంచి తీసేశాను.

కొత్తగా మొదలుపెట్టడానికి రోజుల్లేవు. కాయ ముదురుతోంది. ఇక రాసిన చేతికే రాస్తూ, అంటిన చేతికి అంటిస్తూ, ఆవకాయ రోజు దాకా లాక్కొచ్చాం. క్యాలెండరు తీసి బీరువాలో పడేశాను.

ఆవకాయ రోజుకి నా రెండు చేతులూ నున్నగా ఉన్నాయి. మోచేతుల దగ్గర గులాబీరంగు మరకలు మిగిలాయి, అంతే. కుడి చేతి నేరేడు రంగు కూడా, నా చర్మానికున్న తొందరవల్ల, పొట్టుతో పాటే రాలిపోయింది. పొద్దున్నే చిన్నరసం కాయలు కడిగి, తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, పొర గీకి చాప మీద ఆరబెట్టాం. పదింటికి మా ఆడపడుచు కారు దిగింది. చేతిలో మళ్లీ నీలం గ్లవ్సు పెట్టె.

నేను రెండు చేతులూ చాచాను. ఆ పిల్ల నా వేళ్ల చివర్లు మాత్రం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఎంత బాగా తగ్గింది వదినా!" అంది. నిజంగానే సంతోషించింది, కాదనను. తర్వాత, "అయినా ఈ ఒక్క ఏడాదికీ ఎందుకులే రిస్కు," అంది.

"ఏంటి రిస్కు? పగుళ్లు లేవు. కారం పోవడానికి చోటు లేదు. నా మంచికే అన్నావు కదా, నా మంచి అయిపోయింది, ఇంక చెప్పు."

"అది కాదు వదినా. అంటుకోదని నాకు తెలుసు. కానీ..."

ఆ 'కానీ'లోకి దిగే నానో జెల్ ఇంకా ఎవరూ చెయ్యలేదు.

ఇంతలో అత్తయ్య వెల్లుల్లి పళ్లెం పట్టుకుని వచ్చింది. ఆవిడ కుడి అరచెయ్యి, వేళ్లూ, గోళ్ల చుట్టూ కమిలిపోయినట్టు ఊదారంగు. ఆరు వారాలుగా నాకు రాసిన నూనె.

"అమ్మా!" అని మా ఆడపడుచు కేక పెట్టింది. "ఏంటా చెయ్యి? నీకూ అంటిందా?"

"నూనె మరకే. ఆకు రంగు."

"ఫోనులో ఎన్నిసార్లు చెప్పాను నీకు, నువ్వు రాయొద్దు, తనని రాసుకోమను అని! విన్నావా?"

ఆ ఫోన్ల సంగతి నాకు అప్పుడే తెలిసింది. అత్తయ్య నా వైపు చూడలేదు. పెరట్లోకి వెళ్లి చింతపండుతో తోమింది, నిమ్మచెక్కతో రుద్దింది, బట్టల సబ్బు పెట్టింది. రంగు పోలేదు. తిరిగొచ్చేసరికి కూతురు గ్లవ్సు తొడుక్కుని గంగాళం ముందు కూర్చుని ఉంది.

"నువ్వు కూడా కూర్చో అమ్మా. నేను కలిపేస్తాను కదా."

ప్రతి ఏడూ ఆవకాయలో చెయ్యి పెట్టేముందు ప్రార్థన చేసేది అత్తయ్యే. ఈసారి వరండాలో కుర్చీలోంచే చేసింది. పక్క కుర్చీలో నేను. లోపలినుంచి ఆవఘాటు, ముక్కలు గంగాళంలో దొర్లుతున్న చప్పుడు. ఒక్క నిమిషం నాకు హాయిగా అనిపించింది, దాచడం ఎందుకు.

"పోయినేడు మీరేమన్నారో గుర్తుందా అత్తయ్యా? పోనీలే, ఒక్క ఏడాదే కదా అన్నారు."

ఆవిడ అరచెయ్యి ఒళ్లో బోర్లా పెట్టుకుంది. ఆ తర్వాత ఆ మాట అనకపోతే బాగుండేదని నాకు అనిపించింది గానీ, అన్నాక అనిపించి లాభం ఏముంది.

అయిదు జాడీలు నిండాయి. మాదొకటి, ఆడపడుచుది, బాపులపాడులో ఉండే మా మరిదిది, మా చెల్లెలిది, పాస్టరుగారింటిది. సాయంత్రం కారెక్కుతూ, "నా జాడీ వచ్చే ఆదివారం మా ఆయన వచ్చి పట్టుకెళ్తాడు వదినా," అని వెళ్లిపోయింది. గ్లవ్సు పెట్టె గూట్లో వదిలేసింది.

మూడో రోజు పొద్దున్న అత్తయ్య వాసెనలు విప్పింది. నూనె పైకి తేలింది. ముక్క కొరికి, "ఉప్పంతా అడుగునుంది. గంగాళం కడుగు," అంది. తర్వాత మెల్లిగా, "నువ్వు కలుపు," అంది.

నేను ఫోను తీశాను.

"దానికి చెప్పడం ఎందుకే? ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడకుండా చెయ్యడానికి నేనేం దొంగతనం చెయ్యడం లేదు అత్తయ్యా. చెప్పే పెడతాను."

స్పీకరు పెట్టాను. "ఇవాళ మూడో రోజమ్మా. తిరగకలపాలి. నువ్వొస్తావా?"

"నేనెలా వస్తాను వదినా? అమ్మ కలుపుతుందిగా."

"అమ్మ చెయ్యి పనికిరాదని కూర్చోబెట్టావుగా మొన్న."

అవతల కుక్కరు కూత వినిపించింది. "పోనీ పక్కింటావిడని..."

"పక్కింటావిడ చేతులు నువ్వెప్పుడైనా చూశావా?"

"గ్లవ్సు అక్కడే పెట్టానుగా వదినా. అవి వేసుకుని..."

"ఉన్నాయి. వేసుకోను. వట్టి చేత్తో కలుపుతాను. వద్దంటే ఇప్పుడే చెప్పు, నీ నోటితో."

కుక్కరు రెండు కూతలు వేసింది. మూడోదాని కోసం నేను ఎదురుచూస్తున్నాను. చివరికి, "నాది ఒక్కటీ గరిటెతో కలుపు వదినా. మిగతావి నీ ఇష్టం," అంది.

అత్తయ్య ఫోను వైపు వంగింది. "గరిటె పెడితే ముక్క మీద పిండి రాలిపోతుందే. అడుగున ఉప్పు అడుగునే ఉంటుంది."

"ఉండనీ అమ్మా," అని పెట్టేసింది.

నాలుగు జాడీలు గంగాళంలో పోశాం. అత్తయ్య కళ్లు మూసుకుని, "ప్రభువా, ఏడాది పొడుగునా చెడకుండా కాపాడు," అంది. నేను కుడి చెయ్యి మణికట్టు దాకా దింపాను. రెండేళ్ల తర్వాత. ముక్కలు వేళ్ల మధ్యనుంచి జారుతుంటే, ఎంత ఉప్పుందో, ఎంత నూనె కావాలో చెయ్యి చెప్తుంది. ఆ చెప్పడం మొదలుపెట్టేలోపే బొటనవేలి మొదట్లో భగ్గుమంది. మూసుకుందనుకున్న పగులు మూసుకోలేదు.

"మండిందా?"

"లేదు."

"అబద్ధం," అంది అత్తయ్య. కుర్చీలోంచి దిగి ఎదురుగా కూర్చుని, తన ఊదారంగు చెయ్యి కూడా పెట్టింది. ఇద్దరం అడుగుదాకా తిప్పాం. నా కళ్లనుంచి నీళ్లు కారుతుంటే, "ఆవఘాటు," అన్నాను.

అయిదో జాడీ గరిటెతోనే కలిపాను. వేలు కూడా తగలనివ్వలేదు. ఇచ్చిన మాట మాటే. ఆదివారం ఆ అల్లుడుగారు వచ్చి కారులో పెట్టుకుని తీసుకెళ్లాడు.

వానలు పడ్డాక ఎడం మోచేతి మీద మళ్లీ మచ్చ లేచింది. తగ్గుతుంది గానీ పోదని డాక్టరు ముందే చెప్పాడు కదా. ఏది పనిచేసిందని మొన్న ఆయన అడిగితే, ఆకునూనె సంగతి, కలిపి రుద్దుకున్న సంగతి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, "ఈసారి వేలు కడుక్కోండి," అన్నాడు. మచ్చ లేచీ లేవగానే అత్తయ్య మళ్లీ నూనె తీసింది. ఈసారి పరీక్షా లేదు, క్యాలెండరూ లేదు.

నిన్న సాయంత్రం ఆవిడ నా చేతులకి రాస్తుండగా ఫోను మోగింది. ఆడపడుచు. నా చేతులు జిడ్డుగా ఉన్నాయని అత్తయ్యే మోచేత్తో స్పీకరు నొక్కింది.

"వదినా, ఈ ఏడు నా జాడీలో అడుగంతా ఒకటే ఉప్పు. పైముక్కలు చప్పగా ఉన్నాయి. నువ్వు గరిటె సరిగ్గా తిప్పలేదా ఏంటి?"

నా దగ్గర జవాబు చాలా పొడుగ్గా ఉంది. పోయినేటినుంచి మొదలుపెట్టి వరసగా చెప్పగలను. నోరు తెరిచాను. అత్తయ్య అరచెయ్యి చీరకి తుడుచుకుని ఫోను అందుకుంది.

"ఉండవే, నేను చెప్తాను," అని, మెట్లు దిగి తోటవైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది. రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నేను వరండాలో కూర్చున్నాను. ఆవిడేం చెప్పిందో నాకు వినపడలేదు. చాలాసేపు చెప్పింది.